డ్రైవర్ పక్క డోర్ ప్యాడ్

ఇంతకు ముందు ఎందుకు రాయలేదని అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు. చిన్నప్పుడు గౌడవెల్లి పక్కన ద్రాక్ష తోటల్లో అమ్మతో కూలికి పోయాను, బడికి పోలేదు. అది నిజమే. కానీ తర్వాత ముప్పై ఏళ్లు మేడ్చల్ రోడ్డు మీద మా ఆయన షాపులో కార్ల సీట్లు కుట్టాను. అప్పుడు అక్షరాలు నేర్చుకుంటానంటే ఎవరూ వద్దనేవాళ్లు కాదు. ఆయన కొలతలు రాసి రెగ్జిన్ కోసి ఇస్తే నేను మిషన్ మీద కుట్టేదాన్ని. అక్షరాలతో పని పడలేదు. రెండేళ్ల కింద ఆయన చేతులు వణకడం మొదలయ్యాక, కోసే పని నా మీద పడింది. అప్పుడు పోయి, మా పొదుపు సంఘం ఆడవాళ్లకు సాయంత్రాలు చదువు చెప్పే టీచరమ్మ ముందు కూర్చున్నాను.

అక్షరాలొస్తే పని తేలికవుతుందనుకున్నాను. అయ్యిందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మొన్న చలికాలంలో కొంపల్లి నుంచి ఒకామె పాత కారు తెచ్చింది. ఆంధ్రా వైపు వాళ్లు, ఆఫీసు ఉద్యోగం. సీట్లు ఎప్పుడో కాఫీ రంగు రెగ్జిన్‌తో కుట్టించిందట. మిగిలిన ముక్కను చుట్టి దాచుకుంది. ముందు రెండు తలుపుల లోపలివైపు అట్టలకు, వాటినే మేం డోర్ ప్యాడ్లంటాం, ఆ ముక్కే వేయాలి. ఆ రంగు ఇప్పుడు రావడం లేదు. సుచిత్ర చౌరస్తా దాకా పోయి షాపుల్లో అడిగాం, దొరకలేదు.

"గీ బండి మొత్తం నువ్వే కొయ్యి," అన్నాడు మా ఆయన. "మంచిగొస్తే షాపు నడుపుదాం. రాకపోతే ఇగ షట్టర్ గుంజి ఇంట్ల కూసుందాం. నాతోని అయితలేదు."

ఆయన నవ్వుతూ అనలేదు.

పాత తొడుగు ఊడదీసి, దాన్ని కొత్త రెగ్జిన్ వెనకవైపు పరిచి, చుట్టూ గీసి కోయాలి. ఆయనైతే కొత్త రెగ్జిన్‌ను మడిచి రెండు తలుపులకూ ఒకేసారి కోసేవాడు. ఈ ముక్క మడవడానికి చాలదు. అందుకని విడివిడిగా గీశాను. కలిసిపోకుండా పాత తొడుగుల మీద పేర్లు రాసుకున్నాను. ఒకదాని మొహం మీద, అంటే బయటికి కనబడే వైపు, "డ్రైవర్ పక్క" అని రాశాను. రెండోదాని మొహం జిడ్డుగా ఉండి పెన్ను పడలేదు. దాన్ని తిప్పి, వెనక "ఎడమ పక్క" అని రాశాను. రెండింటినీ అక్షరాలు పైకి కనబడేటట్టు పరిచాను. రాసింది పైకే కదా ఉండాలి! కోసిన కొత్త ముక్కల వెనక కూడా అవే మాటలు రాశాను.

ఎడమది అట్ట మీద చక్కగా కూర్చుంది. డ్రైవర్ పక్కది కూర్చోలేదు. కింద ముందు మూలకు రావాల్సిన వంపు వెనక మూలకు వచ్చింది. తలకిందులు చేశాను. వంపు పైకి పోయింది. అట్టలు మారాయేమోనని ఆ అట్ట పట్టుకుని కారు దగ్గరికి పోయాను. తలుపుకు సరిగ్గా సరిపోయింది. మళ్లీ లోపలికొచ్చి ముక్క మీద రాసింది చదివాను. డ్రైవర్ పక్క అనే ఉంది.

"ఏందే, లోపటికి బయటికి తిరుగుతున్నవ్?" కూర్చున్న చోటి నుంచే అడిగాడు మా ఆయన.

"అట్టలు మారినయేమో అని సూస్తున్న."

"ఎట్ల మారుతయే? తలుపులు నడిసొచ్చి మార్సుకున్నయా?"

"మరి దీని మీద డ్రైవర్ పక్క అని రాసుంది గద."

"ఎవరు రాసిండ్రు?"

"నేనే."

"గట్లయితే రెగ్జిన్‌దే తప్పు," అన్నాడు.

లేచొచ్చి రెండు ముక్కలనూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. అంచులు ఎక్కడా తేడా రాలేదు. రెండూ ఎడమ తలుపువే. "పాతదాన్ని మొహం పైకి పెట్టి గీస్తే ఉల్టా వస్తది. గిది నీకు తెల్వదా?"

తెలుసు. ముప్పై ఏళ్లు చూశాను. అక్షరాలు రాక ముందు ఎవరు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. తెలిసింది ఆ పూట ఎక్కడికి పోయిందో నాకు అర్థం కాలేదు.

మిగిలినవి పీలికలే. "కింద అతుకేద్దాం, ఆమెకు ఎరుకగాదు," అన్నాడాయన. సాయంత్రం ఆమె కారు కోసం వచ్చినప్పుడు చెప్పొద్దని కళ్లతో సైగ కూడా చేశాడు. చెప్పాలో వద్దో తేలకముందే నా నోటి నుంచి మాట వచ్చేసింది.

"ఒకటి తప్పు కోసిన మేడం. అతుకెయ్యాలె. కింద జానెడు ఎత్తుల గీత కనవడ్తది."

"అయ్యో, ఆంటీ!" ఆమె రెండు తలుపులనూ మార్చి మార్చి చూసింది. "అతుకున్నా పర్లేదు గానీ, ఒకవైపు గీత, ఒకవైపు నున్నగా ఉంటే ఎక్కినప్పుడల్లా నా కళ్లు అక్కడికే పోతాయండీ. రేపు వస్తాను. మీరే ఏదో ఒకటి ఆలోచించండి." కారు వదిలి ఆటోలో వెళ్లిపోయింది.

"రేపు ఎట్లనో అట్ల ఇచ్చేసి మూసేద్దాం," అన్నాడు మా ఆయన. "తప్పు నీది గాదు. నీ మీద ఏసిన నాది." తిట్టినా బదులు చెప్పేదాన్ని. పీలికలన్నీ ఏరి బల్ల మీద పెట్టి, ఆయన వెనకే ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున ఆయన లేవకముందే చొక్కా జేబులోంచి తాళాలు తీసుకుని పోయి షట్టర్ లేపాను. డ్రైవర్ పక్క పాత తొడుగును మొహం కిందికి పెట్టి, తప్పు ముక్కలోంచి వంపు లేని పై భాగం, పీలికలోంచి కింది భాగం కోశాను. తర్వాత బాగున్న ఎడమ పక్క ముక్కను పరిచాను. అంచుల్లో మడతకు వదిలింది కుట్టుకు సరిపోతుంది. మంచిదాన్ని పాడు చేస్తున్నానా, బాగు చేస్తున్నానా, అప్పుడూ తెలియలేదు. అదే ఎత్తులో గీసి అడ్డంగా కోసేశాను. రెండింటికీ ఒకే దారంతో జంట కుట్టు వేశాను.

ఆయన వచ్చేసరికి అట్టల మీద పూసిన సొల్యూషన్ జిగురు అంటించే అదునుకు ఆరింది. రెగ్జిన్ గుంజి పట్టడానికి ఇంకో రెండు చేతులు కావాలి.

"వణికితే వణకనీ, గట్టిగ వట్టుకో," అన్నాను.

ఆయన పట్టుకున్నాడు. నేను అంచులు మడిచి పిన్నులు కొట్టాను.