భీమారావు కాపలా కాసిన గొయ్యి

రాయ్‌పూర్ పక్కన మందిర్ హసౌద్ స్టేషను దాటి మా కాలనీ వెనక్కి నడిస్తే ఒక పెద్ద గొయ్యి ఉంది. కొత్త రాజధాని రోడ్ల కోసం కాంట్రాక్టరు ఎవరో రాయి తవ్వుకున్నాడు. రాయి అయిపోయాక మిషను ఎత్తుకుపోయి గొయ్యి మాకు వదిలేశాడు. గోడలు నిలువుగా ఉంటాయి. అడుగున నీళ్లు పచ్చగా, కదలకుండా ఉంటాయి. వేసవిలో కుళాయిలు ఎండిపోతే ఆడవాళ్లు బొంతలు, దుప్పట్లు పట్టుకుని ఉతకడానికి అక్కడికే పోయేవారు. భీమారావు భార్య అన్నమ్మ కూడా అలాగే వెళ్లింది. అంచున ఆమె నిలబడ్డ రాతిపలక జారింది. ఆమె తిరిగి రాలేదు.

భీమారావు రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగులో చేరి, ఆ గ్యాంగుకే పెద్దగా, మేటుగా రిటైరయ్యాడు. వాళ్లది శ్రీకాకుళం వైపు. నేను అదే రైల్వేలో గూడ్సు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను, అందుకని నన్ను బాబుగారూ అంటాడు. మా ఇళ్ల మధ్య ఒక పిట్టగోడే అడ్డం.

అన్నమ్మ సగం ఉతికిన బొంతను ఆడవాళ్లు తెచ్చి ఇచ్చారు. దానికి సబ్బు అలాగే ఉంది. భీమారావు దాన్ని దండెం మీద ఆరేశాడు. అది అట్టలా బిగిసి ఎండింది. మళ్లీ తీయలేదు. కర్మకాండంతా అయ్యాక కోడలు బిందుమాధవి, "ఓసారి గట్టిగా ఏడిచేయండి మామయ్యా" అంటే, "అలాగేనమ్మా" అని సంచి పట్టుకుని పాలకి వెళ్లాడు. పాలు తెచ్చి గిన్నెలో పోసి, గిన్నె మీద మూత పెట్టాడు. ఏడవలేదు. ఆ ఏడాదంతా అలాగే గడిపాడు. అన్నం పెడితే తినేవాడు. నేను కబుర్లు చెబితే కూర్చుని వినేవాడు. నా అబద్ధాలకి అంతకుముందు కడుపు పట్టుకుని నవ్విన మనిషి, ఇప్పుడు అయిపోయిందా అన్నట్టు చూసేవాడు.

మళ్లీ ఎండలు ముదిరాక ఒక పొద్దున్న పిట్టగోడ దగ్గరకి వచ్చాడు.

"బాబుగారూ, ఓ అర్జీ రాయాల. ఆ గోతి సుట్టూ కంచె ఎయ్యమని. ఆడోళ్లు మళ్లీ ఎల్తన్నారు."

"హిందీలో రాయిద్దాం భీమారావూ. ఇక్కడి ఆఫీసులన్నీ హిందీయే."

"వొద్దు. ఇంగ్లీసులో రాయండి. ఇంగ్లీసు కాయితానికి గౌరం. నా సర్వీసులో పార కావాలన్నా ఇంగ్లీసు మెమో ఎల్తేనే వొచ్చీది."

ఇక్కడి రైల్వే తెలుగువాళ్లందరిదీ ఇదే నమ్మకం. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, అర్జీ మాత్రం ఇంగ్లీషు. దాన్ని చదివేవాడు ఎవరని ఎప్పుడూ అడగరు.

"రాస్తాను గానీ, దాన్ని ఏమని రాయను?" అన్నాను. "తెలుగులో మనకి లోయ, గొయ్యి చాలు. ఇంగ్లీషువాడికి అలా కుదరదు. కాన్వెంటులో సిస్టరు మాకు బెత్తం పట్టుకుని నేర్పింది. వ్యాలీ అంటే కొండల మధ్య వెడల్పాటి పల్లం, ఊళ్లూ పొలాలూ పడతాయి. గార్జ్ అంటే నది కోసుకుపోయిన ఇరుకు లోయ, గోడలు నిలువు. రవీన్ అంటే వాన కోసిన పెద్ద కోత, గార్జ్ కంటే చిన్నది. హాలో అంటే గిన్నెలా కాస్త లోపలికి పోయిన నేల. డిప్రెషన్ అన్నా చుట్టుపక్కల కంటే కిందికి దిగిన నేలే, ఎవరు దింపారో ఆ మాట చెప్పదు. పిట్ అంటే గొయ్యి. క్వారీ అంటే మనిషి రాయి తీసుకున్న గొయ్యి."

"గోడలు నిలువే గదా బాబుగారూ. గార్జేనేమో."

"నది ఏదయ్యా? అసలు గార్జ్ అంటే కొండల్లో పోయే కిరండూల్ లైనులో చూడాలి. ఒకసారి నా గొడుగు జారి అందులో పడింది. అది అడుగుకి చేరేలోపు నాకు ప్రమోషన్ వచ్చింది. ఇంకా పైనే తేలుతోందని కొత్త స్టేషనుకి కబురు కూడా పంపారు."

భీమారావు నవ్వలేదు. "అయితే ఆ ఆకరిదే రాయండి" అన్నాడు.

క్వారీ అనే రాశాను. ఇద్దరం ఆటో ఎక్కి రాయ్‌పూర్ వెళ్లాం. మొదటిదైన గనుల ఆఫీసులో గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి లోపలి నుంచి ఒక కుర్ర ఆఫీసరును పిలుచుకొచ్చాడు. ఆయన చదివి, లీజు అయిపోయాక అది క్వారీ కాదు, ఇప్పుడు అది డిప్రెషన్ అన్నాడు. డిప్రెషన్ అయితే రెండో ఆఫీసు. నీళ్లు నిలిచిన డిప్రెషన్ చెరువు కిందికి వస్తుందని అక్కడివాళ్లన్నారు. చెరువైతే జిల్లా పంచాయతీ, అదీ రాయ్‌పూర్‌లోనే. పంచాయతీలో ఒక పెద్దమనిషి మా ఇంగ్లీషు కాగితాన్ని మడిచి విసనకర్రలా విసురుకుంటూ విన్నాడు.

"బాబూజీ, తాలాబ్‌కి ఎవరైనా కంచె కడతారా? కావాలంటే మెట్లు కట్టిస్తాం. ఆడవాళ్లు సుఖంగా దిగుతారు."

భీమారావు నా వైపు చూశాడు. "ఏటంటన్నాడు? నేను ఇన్నది నిజమేనా?"

"మెట్లు కడతాడట."

"దిగడానికా?"

"దిగడానికే."

తిరుగుదారిలో భీమారావు తెలీబంధా చెరువు దగ్గర దిగి, దాని చుట్టూ వేసిన ఇనుప కడ్డీలను చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. కదిపి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. మళ్లీ ఆటో ఎక్కాడు.

ఆ వారంలోనే కుళాయి పూర్తిగా ఆగిపోయింది. భీమారావు కొడుకు యోగేష్ ధర్సీవా ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్లాడు. బిందుమాధవి పిల్లల దుప్పట్లు మూటకట్టి నెత్తిన పెట్టుకుంది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు భీమారావు.

"ఇంకెక్కడికి మామయ్యా? పెరట్లో పంపు నీళ్లు తాగడానికే చాలడం లేదు. జాగ్రత్తగానే ఉంటాన్లెండి. అందరూ వస్తున్నారు."

అన్నమ్మ కూడా వెళ్తూ ఇలాగే అంది. భీమారావు వద్దనలేదు. లోపలికి వెళ్లి పెట్టె తెరిచి, సర్వీసులో వాడిన పొడవాటి ఎర్ర బ్యానరు గుడ్డ తీశాడు. పట్టా విరిగినా, లైను తవ్వినా దాన్ని పట్టాలకు అడ్డంగా కర్రల మీద కడతారు. కట్టినవాడు అక్కడి నుంచి కదలకూడదు. బదులు మనిషి వచ్చి చార్జి తీసుకునేదాకా ఆకలైనా, వానొచ్చినా అక్కడే ఉండాలి. గ్యాంగులో అదే కట్టుబాటు.

కోడలి కంటే ముందే నడిచి, గోతికి దిగే బాటకు అడ్డంగా రెండు వెదుళ్లు పాతి గుడ్డ కట్టాడు. దాని పక్కన నిలబడ్డాడు.

మూటలతో వచ్చిన ఆడవాళ్లు ఆగిపోయారు. వాళ్లలో సూరమ్మకి నోరెక్కువ.

"ఏటి మామా, ఇటు రైలొస్తదేటి?"

"రాదు."

"మరెందుకా జెండా?"

"బాట బంద్."

"బందయితే బట్టలెక్కడ ఉతకమంటావు? నీ నెత్తి మీదా?"

"మా పెరట్లో చేతిపంపు ఉంది. కొంచెం వొస్తది. వొరస కట్టండి."

సూరమ్మ తిట్టుకుంటూనే వెనక్కి తిరిగింది. ఆ వెనక మిగతావాళ్లు. బిందుమాధవి ఆఖర్న వెళ్లింది. కాసేపటికి మళ్లీ వచ్చి మామగారికి చెంబుతో తాగే నీళ్లు పెట్టి వెళ్లింది.

మధ్యాహ్నం దాటాక నేను వెళ్లాను. ఎండలో నిలబడే ఉన్నాడు. గోతి వైపు చూడటం లేదు, బాట వైపే చూస్తున్నాడు.

"భోజనానికి రావయ్యా. నీ కోడలు ఎదురుచూస్తోంది."

"బదులు మనిషి రాలేదు."

"ఇది రైల్వే కాదు భీమారావూ."

"తెలుసు."

చెప్పులు విడిచి వెదురు పక్కన నిలబడ్డాను. "ఇలా ఇయ్యి. చార్జి తీసుకున్నాను."

అతను నన్ను కిందా మీదా చూశాడు. "కూర్చోకండి. కూర్చుంటే నిద్దరొస్తది" అని చెప్పి గుడ్డ కొస నా చేతికిచ్చి వెళ్లాడు.

కాసేపటికి పక్క బస్తీ నుంచి ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు ఇద్దరు మూటలతో వచ్చారు. జెండా చూసి నవ్వుకుని, పక్క నుంచి దూరబోయారు.

"బేటీ, రుక్ జావ్," అన్నాను. "ఈ గోతి అడుగున గూడ్సు బండి ఉంది. రాయి ఎక్కించుకుంటూ మునిగింది. డ్రైవరు ఇంకా సిగ్నల్ కోసం చూస్తున్నాడు. అందుకే ఈ జెండా. ఇది తీస్తే బండి కదులుతుంది, ఒడ్డున ఉన్నవాళ్లని లాక్కుపోతుంది."

"సచ్చీ, బాబా?" అంది ఒకామె.

"రైల్వేలో పనిచేసినవాణ్ని. అబద్ధం చెబుతానా?"

వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. నమ్మారో, ముసలాడితో ఎందుకనుకున్నారో గానీ, మూటలు సర్దుకుని వెనక్కి వెళ్లిపోయారు.

తిరిగి చూస్తే భీమారావు. చెయ్యి తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో, అంతా విన్నాడు.

"ఆ బండికి ఎన్ని డబ్బాలు బాబుగారూ?" అన్నాడు.

ఏడాదిలో నా కబురు గురించి అతను అడిగిన మొదటి మాట అది.

"నలభై."

"గార్డు?"

"వెనక బ్రేకువేనులో ఉన్నాడు."

భీమారావు గోతి వైపు తిరిగి చూశాడు. ఆ రోజు అటు చూడటం అదే మొదలు. పచ్చటి నీళ్లు కదలకుండా ఉన్నాయి. చాలాసేపు చూశాడు.

"చీకట్లో ఒక్కడే ఉంటాడు పాపం," అని గుడ్డ కొస నా చేతిలోంచి తీసుకున్నాడు. "మీరెల్లండి. సాయంత్రం యోగేష్‌ని పంపండి, నాకు బదులుంటాడు."