పెద్ద సావుకారు కాళ్ల దగ్గర నా పేరు

పంతొమ్మిది వందల యాభైల్లో మా ఆదోనిలో చేతిలో రంగు డబ్బాతో కనిపిస్తే చాలు, మనిషిని ఆపి, రంగు వేయమని ఎద్దుల కొమ్ములు చూపించేవారు. అయ్యా, నేను ఆర్టిస్టును, మద్రాసులో రెండేళ్లు నేర్చుకుని వచ్చాను, మనుషుల ముఖాలు గీస్తాను అని మొత్తుకుంటే, "అట్లనా? అయితే మా తలుపులకు గూడా ఏస్తావా?" అని ఎంతో మర్యాదగా అడిగేవారు. ఇప్పటి పిల్లలు తమ బొమ్మల ప్రదర్శనల గురించి దర్జాగా చెబుతుంటే నవ్వుతూ వింటాను గాని, నా కడుపులో ఆ రోజుల మంట ఇంకా పూర్తిగా ఆరలేదు. ఒక నూనె వ్యాపారి లక్ష్మీదేవిని గీయించుకుని, "చీర సగమే కనపడతాంది, మిగతా సగం యాడ?" అని నిలదీశాడు. (అమ్మవారు పద్మంలో కూర్చుని ఉంటే చీరంతా ఎలా కనపడుతుందో ఆయనే చెప్పాలి.) ఇంకొకాయన గోడ మీద పెచ్చులూడిన చోటును మూరలతో కొలిచి, "ఇది మూసుకపోవాల, అంతే. ఏ దేవుడైనా పర్వాలేదు" అన్నాడు. చెప్పండి, ఒళ్లు మండదా?

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మీసం ఇంకా సరిగా రాలేదు గాని కోపం మాత్రం నిండుగా వచ్చేసింది. మాది ఎమ్మిగనూరు, మా నాయన నేతగాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టనంటే పెట్టనని భీష్మించుకుని, ఇంట్లో అందరినీ ఏడిపించి మద్రాసు పోయి, తిరిగొచ్చి ఆదోని బజారులో ఒక సైకిల్ షాపు పక్కన మూడడుగుల వెడల్పు గదిలో దిగాను. బొమ్మ గీస్తే కింద నా పేరు ఉండాలి. అదొక్కటే నా పట్టుదల. మద్రాసులో మా మాస్టారు, సంతకం లేని బొమ్మ గోడకు పూసిన సున్నంతో సమానమని చెప్పాడు. ఆయన చెప్పినవాటిలో నాకు బాగా ఒంటబట్టింది ఇదొక్కటే.

అలాంటి సమయంలో ఒక పత్తి వ్యాపారి నా గది ముందుకొచ్చి నిలబడ్డాడు. ఏ సంగతినైనా పత్తి బేళ్లతో పోల్చి తప్ప మాట్లాడలేడు కాబట్టి ఆయనకు నేను బేళ్ల సావుకారని పేరు పెట్టుకున్నాను.

"మా నాయన పోయి పదకొండు నెలలాయ. సంవత్సరీకం నాటికి పటం కావాల. గీస్తావా?" అన్నాడు.

"ఫొటో ఇయ్యండి సావుకారూ."

"ఫొటో ఉంటే నీతో నాకేం పనప్పా? ఫొటో దిగితే ఆయుస్సు తగ్గుతాదని మా నాయన దిగనే లేదు."

"మరి ముఖం ఎట్ల తెలుస్తాది?"

"దానికేముంది? మచ్చు సూపిస్తా, రా."

పత్తి బేరంలో దూది కూరిన బోరాలన్నీ విప్పి చూపించరు. గుప్పెడు దూది పీకి చేతిలో పెడతారు, దాన్ని మచ్చు అంటారు. బేళ్ల సావుకారు తన తండ్రి ముఖాన్ని కూడా అదే పద్ధతిలో నా ముందు పెట్టాడు. ముక్కుకు మచ్చుగా ఆలూరు నుంచి మేనత్తను పిలిపించాడు. మీసాలకు గుమాస్తాను కూర్చోబెట్టాడు. చెవులు తనవే, అచ్చం నాయనవే అని రెండూ ముందుకు లాగి మరీ చూపించాడు. (నేను చదివిన రెండేళ్లలో ముఖాన్ని ఇలా విడి భాగాలుగా తెప్పించుకోవచ్చని ఎవరూ చెప్పలేదు.) మేనత్త అయితే, "బిరబిరా గీయప్పా, ఇంటికాడ బర్రె ఈనేట్టుండాది" అంటూ ముక్కు ఎగబీలుస్తూనే కూర్చుంది. నిలకడగా లేని ముక్కును గీయడం ఎంత కష్టమో ఒక్కరికైనా తెలుసా? తెలియదు. పైగా గుమాస్తా, "ఎంతసేపప్పా, రోంత మీసానికి?" అని విసుక్కున్నాడు.

కళ్ల దగ్గర పని ఆగిపోయింది. ఆ కళ్లు వంశంలో ఎవరికీ రాలేదట. చివరికి సావుకారు తల్లి, అందరూ అవ్వ అని పిలిచే పెద్దావిడ, లోపలి నుంచి వచ్చి గడప దగ్గర కూర్చుంది. "నలబై ఏండ్లు కాపురం చేసినా నాయనా, కండ్లల్లోకి సూసింది తక్కువే. కోపమొస్తే మాత్రం ఎడమ కన్ను రోంత సిన్నది సేస్తాండె. నోరు తెరిసి ఒక మాట గూడా అనేటోడు కాదు" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని మూడు రోజులు కుస్తీ పట్టాను. పోయిన ఆ పెద్ద సావుకారును పటంలో కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ కన్ను రోంత చిన్నది చేసి, మోకాళ్ల మీద చేతులు పెట్టించి, పాదాల దాకా గీశాను. వాళ్లింట్లో పటం మీద గుడ్డ తీసేసరికి అవ్వ ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఉంది. చూసింది. చూసి గబుక్కున లేచి నిలబడి, కొంగు తల మీదికి లాక్కుంది. ఆయన బతికి ఉన్నన్నాళ్లూ ఆయన ముందు ఆమె కూర్చోలేదట. సావుకారు చెవులు ఎర్రగా అయిపోయాయి. నాకు మాత్రం ఆ గదిలోనే నాలుగు గంతులు వేయాలనిపించింది.

ఆ పొంగులోనే కొంప ముంచుకున్నాను. చివరి మెరుగులు దిద్దాలని పటాన్ని గదికి తెచ్చి, పెద్ద సావుకారు పాదాల కింద, మధ్యలో, కుంకుమ లాంటి ఎరుపుతో, బెత్తెడు పొడుగున నా పేరు రాశాను. కింద ఆదోని అని, దాని కింద సంవత్సరం. (చిత్రకారుడు అని రాయలేదు. అది బోర్డులు రాసేవాళ్ల అలవాటని నా అభిప్రాయం.) సంవత్సరీకం ముందు రోజు పటం మోసుకుపోతే సావుకారు దాన్ని పైనుంచి కింది దాకా చూసి, పాదాల దగ్గర ఆగిపోయాడు.

"ఇదేందప్పా ఇది? మా నాయన కాళ్లకాడ నీ పేరేంది?"

"గీసింది నేను గదా సావుకారూ."

"గీస్తివి, సరే. బేలు కడితే దాని మీద నేను మార్కా ఏస్తా. ఎందుకు? ఆ సరుకు నాది కాబట్టి. మార్కా ఎవునిదో సరుకు వానిది. నీ మార్కా ఏసుకుంటే మా నాయన ఎవురికి నాయనయితాడు? చెప్పు."

ఇంత అన్యాయమైన వాదన నేను జన్మలో వినలేదు. దూది మూటకూ కళకూ తేడా తెలియని మనిషితో ఏం మాట్లాడతాం? అయినా మాట్లాడాను. గొంతు చించుకుని మాట్లాడాను. పేరు తుడిస్తే పటం వెనక్కి తీసుకుపోతానని, కావాలంటే మేనత్త ముక్కు, గుమాస్తా మీసాలు ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తానని అరిచాను. అవ్వ లోపలి నుంచి, "ఉండనీరా. సిన్న పిల్లోడు, ఆశపడి రాసుకున్యాడు. పొద్దున నువ్వు గూడా రావాల నాయనా, భోంచేసి పోవాల" అంది. సావుకారు తల్లి మాట దాటలేదు. నేను గెలిచానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మరుసటి రోజు నా కోసమే ఆ సంవత్సరీకం జరుగుతున్నట్టు, ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు నిలబడ్డాను. నడవా నిండా చుట్టాలు. గోడకు ఆనించిన పటానికి పెద్ద దండ. దండ కింద ఎర్రగా నా పేరు. ఇంటి పురోహితుడికి జ్వరమని కౌతాళం నుంచి ఇంకొకాయన వచ్చాడు. పాపం ఆయన మొదట్లోనే చనిపోయినాయన పేరు అడిగాడు, సావుకారు చెప్పాడు. అయితే ఊరు కొత్త, మనుషులు కొత్త, ఆ పేరు ఆయన మనసులో నిలవలేదు. నువ్వులూ నీళ్లూ వదిలే ఘట్టం వచ్చేసరికి ఒక్క క్షణం తడుముకుని, తలెత్తి పటం చూశాడు. పటంలో మనిషి, కింద పేరు, ఊరు, సంవత్సరం. ఇంకేం కావాలి? గడగడా చదివేశాడు. గోత్రం వాళ్లది, పేరు నాది. సావుకారేమో పురోహితుడు ఎలా పలికితే అలా తిరిగి అప్పజెప్పే రకం. మనసు ఎక్కడ తిరుగుతోందో గాని, కళ్లు మూసుకుని, భక్తిగా నా పేరున నీళ్లు వదిలాడు.

మొదటిసారి నా చెవులను నేను నమ్మలేదు. రెండోసారి వంగి పటం కింద నా పేరు మళ్లీ చదువుకున్నాను. మూడోసారికి చెంబు ఎత్తుతుండగా, "ఆపండి! ఆ పేరు నాది! నేను బతికే ఉండా!" అని కేక పెట్టాను. నడవా అంతా తిరిగి నా వైపు చూసింది. పురోహితుడు నన్నూ పటాన్నీ మార్చి మార్చి చూసి, "నాయనా, నువ్వెవరు?" అన్నాడు. బతికున్న మనిషిని, ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడినవాణ్ణి, పట్టుకుని నువ్వెవరు అంటాడా! సావుకారు చెంబు కింద పెట్టి, "సెప్తినా లేదా? నిన్ననే సెప్తినా లేదా? మార్కా ఎవునిదో సరుకు వానిది!" అని లేచాడు.

పురోహితుడు కర్మంతా మొదటి నుంచీ చేయాలన్నాడు. ఆ పేరు అక్కడ ఉండగా మాత్రం తాను మొదలుపెట్టనని పీట మీంచి లేచిపోయాడు. లోపల వంటలు చల్లారిపోతున్నాయి. ఆకలితో ఉన్న చుట్టాలందరూ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "తుడువు!" అన్నాడు సావుకారు. "తుడవను!" అన్నాను. తప్పు చదివింది ఆయన, కళ్లు మూసుకుని వల్లించింది ఈయన, తుడుచుకోవలసింది నేనా? నా పేరేమైనా బురదా?

అప్పుడు అవ్వ నా దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది. "నాయనా, సచ్చినోళ్ల కాళ్లకాడ బతికినోని పేరు ఉండగూడదు. మీ అమ్మ ఇంటే తట్టుకుంటాదా? నువ్వు సల్లగుండాల. తీసెయ్యప్పా" అంది. సావుకారు అరుపులకు ఎదురు తిరిగినవాణ్ణి అవ్వ మాటకు లొంగిపోయాను. గదికి పరిగెత్తి కుంచె, రంగు తెచ్చి, అంతమంది ముందు మోకాళ్ల మీద కూర్చుని, నేల రంగుతో నా పేరును ఒక్కొక్క అక్షరమే మూసేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. టర్పెంటైను ఘాటని చెప్పాను.

కథ అంతటితో ఆగిందా? మరుసటి రోజు పొద్దున గదిలో కూర్చుని బజ్జీతో బొరుగుల ఉగ్గాని తింటున్నాను. మా నాయన చెప్పులు లేకుండా, రొప్పుతూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆదోనిలో మీవాడికి సంవత్సరీకం పెట్టారని ఎమ్మిగనూరు బస్సులో ఎవడో మహానుభావుడు వార్త మోశాడట. నాయన నన్ను, చేతిలో ఆకును, నోట్లో బజ్జీని చూశాడు.

"బతికే ఉండావా?"

"ఉండా నాయనా."

"ఉంటే ఒక జాబు రాయకూడదారా? మీ యమ్మ నిన్న సందేళ నుంచి పచ్చి నీళ్లు ముట్టలేదు!" అని గుమ్మానికి జారగిలబడి కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి, నా చెయ్యి పట్టుకుని నేరుగా బేళ్ల సావుకారు ఇంటికి లాక్కుపోయాడు. "నా కొడుక్కు నీళ్లిడుస్తావా సావుకారూ? నీకేం అపకారం సేసినాడు వాడు?" అని నడవాలో నిలబడి గద్దించాడు. సావుకారు పటాన్ని, దాని అడుగున నా పేరు మూసేసిన చోటును చూపించాడు. నాయన విసురుగా అటు తిరిగాడు. తిరిగినవాడు అలాగే ఉండిపోయాడు. ముఖం చూడలేదు, ఎంతో కష్టపడిన ఆ ఎడమ కన్ను చూడనే లేదు. వంగి, మోకాలి దగ్గర పంచె అంచు మీద వేలు పెట్టబోయి ఆగాడు.

"ఇది మనదే గదరా. ఎరుపు పక్కన పసుపు పోగు ఇంత సన్నంగా మన మగ్గం మీద తప్ప యాడా పడదు."

నిజమే. ఆ పంచె అవ్వ పెట్టెలోంచి తీసి ఇస్తే, ముందు పరుచుకుని పోగు పోగూ చూసి గీశాను. అది ఎవరి నేతో నేను ఆలోచించనేలేదు. "మా నాయన ఎమ్మిగనూరు పంచె తప్ప ఇంకోటి కట్టలేదప్పా" అన్నాడు సావుకారు, గొంతు బాగా తగ్గించి. మా నాయన కోపమంతా ఎక్కడికో పోయింది. బస్సు దాకా నడుస్తున్నప్పుడు నేనే ఉండబట్టలేక, "అన్నేండ్లు ఆయన ఒంటి మీద ఉండె గదా నీ పంచె. ఎవురు నేసినారో ఆ ఇంట్లో ఒక్కరికీ తెల్దు. నీకు కోపం రాదా?" అన్నాను.

"ఎందుకొస్తాదిరా? సూస్తానే నేను కనుక్కుంటి గదా."

"నువ్వు కనుక్కుంటే ఏం లాభం? లోకం కనుక్కోవాల గదా!"

"లోకం పంచె కట్టుకుంటాది గానీ అంచు సూస్తా కూచుంటాదా? పిచ్చోడా, పోయి మీ యమ్మకు జాబు రాయి" అని బస్సెక్కాడు.

ఆ మాట విని నాకు జ్ఞానోదయం అయిందనుకునేరు. ఏమీ కాలేదు. ఈ రోజుకీ ప్రతి బొమ్మ మీదా సంతకం పెడతాను, అడుగున ఒక మూలన, మునుపటి కంటే చిన్న అక్షరాలతో. బేళ్ల సావుకారూ లేడు, అవ్వా లేదు, మా నాయనా లేడు. పటం మాత్రం వాళ్ల కొట్టులో గద్దె వెనక గోడ మీద ఉంది. ఆదోని పోయినప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు ఆ కొట్టు ముందు నిలబడతాను. వచ్చేవాళ్లు పటం చూసి, పెద్ద సావుకారూ అని దండం పెట్టుకుని లోపలికి పోతారు. ఒక్కడంటే ఒక్కడు, దీన్ని ఎవరు గీశారని అడగడు. నాకు మళ్లీ ఒళ్లు మండుతుంది. ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధని నాలో నేనే నవ్వుకుంటాను. నవ్వుకుని, ఇంకో ఐదు నిమిషాలు అక్కడే నిలబడతాను, ఎవరైనా అడుగుతారేమోనని.