పరువు కేసు ఏ ఊరిది

సౌదీలో స్థానికులకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు రంగులేసే నితాఖత్‌లో మా హుఫూఫ్ కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపు కంపెనీ పనివాళ్లకు దేశంలో ఉండేందుకిచ్చే ఇఖామా కార్డులు రెన్యూవల్ కావు. కాకపోతే వీసా ఇచ్చిన యజమాని, కఫీల్‌ను అడగకుండానే వేరే కంపెనీకి మారొచ్చు. యాన్బులో ఒకే ఒక్క ఎలక్ట్రీషియన్ ఖాళీ ఉంటే అది నాకు ఖాయమైంది. నా గదిలోనే ఉండే మా మండలం వాడికి కడుపు మండింది. వాడు ఉనైజాలో దొరికిన పనికి వెళ్లిపోయి, అక్కడి నుంచి మా జిల్లా వాట్సాప్ గ్రూపులో నా ఫొటో పెట్టి వాయిస్ పంపాడు.

“వీడు కేబుల్ దొంగ. పారిపోయిండని కఫీల్ హురూబ్ రాయించిండు. ఎవ్వరు పని ఇయ్యకుండ్రి.”

ఆ గ్రూపులో నాకు పనిస్తానన్న యాన్బు సూపర్‌వైజరూ ఉన్నాడు. “దొంగవు కాదని పోలీసు కాగితం తే తమ్మీ, నెలాఖరు దాక ఆగుత” అన్నాడు. సౌదీకొచ్చిన పదకొండేళ్లలో ఒక్క స్క్రూ ఎత్తుకెళ్లలేదు నేను. ఆ రోజు అన్నం ముందు కూర్చుని ఏడ్చాను.

లేబర్ ఆఫీసు వాళ్లు పరువు సంగతి మాది కాదు, పోలీసుల దగ్గరికి పొమ్మన్నారు. హుఫూఫ్ పోలీసులు, మాట అన్నవాడు ఉనైజాలో ఉన్నాడు కదా, అక్కడికే పొమ్మన్నారు. బస్సెక్కి ఉనైజా వెళ్తే, పరువు పోయింది హుఫూఫ్‌లో కదా, అక్కడే పెట్టుకోమన్నారు. నా పరువు ఏ ఊళ్లో పోయిందో తేలడానికే మూడు వారాలు పట్టింది.

చివరికి తెలిసిన కడప డ్రైవరొకడు నా వెంట వచ్చి, అరబ్బీలో బతిమాలి, హుఫూఫ్ స్టేషన్లో ఫిర్యాదు తీసుకునేలా చేశాడు. ఆఫీసర్ ఆ వాయిస్ పంపిన నంబరు కంప్యూటర్లో కొట్టాడు. స్క్రీన్ చూశాడు, నన్ను చూశాడు, డ్రైవర్‌తో ఏదో అన్నాడు.

డ్రైవర్ గొంతు తగ్గించాడు. “అన్నా, ఆ సిమ్ము నీ ఇఖామా మీదే ఉండాదంట.”

అప్పుడు గుర్తొచ్చింది. గడువు తీరిన ఇఖామాకు సిమ్ ఇవ్వరు. అలాంటప్పుడు మా క్యాంపులో గడువున్నవాడు వెళ్లి వేలు పెడతాడు, అదేం పెద్ద సాయం కాదు. ఇంటికి మాట్లాడాలని వాడంటే, షాపుకు తీసుకెళ్లి నా వేలిముద్ర వేసి సిమ్ ఇప్పించింది నేనే.

“కేసు నడిపితే ముద్దాయివి నువ్వేనంట. వెనక్కి తీసుకుంటే నిన్ను వదిలేస్తారంట.”

గొంతు నాది కాదు, వినమన్నాను. ఆ ఆఫీసర్‌కు తెలుగు గొంతులన్నీ ఒకటే. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని కాగితం మీద అదే వేలు పెట్టాను.

నెలాఖరున యాన్బు నుంచి ఫోనొచ్చింది. కాగితం రాలేదన్నాను. “ఏమనుకోకు తమ్మీ, నీ రూమ్మేట్‌ను తీసుకుంటున్న. గ్రూపుల వాయిస్ పెట్టిన నంబర్‌కే ఇప్పుడే ఫోన్ చేసిన” అన్నాడు.

ఆ సిమ్ కట్ చేయించాలని అప్పటిదాకా నాకు తోచనే లేదు.