సాగే కర్రలకు మగ్గం నూనె

మా ఆవిడ అన్న వనపర్తిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అప్పటి నుంచి ఆయనకు నడక పిచ్చి పట్టింది. నెత్తిన టోపీ, చేతుల్లో లాగితే సాగే రెండు అల్యూమినియం కర్రలు, చదునైన తారురోడ్డు మీద టకటకమంటూ హిమాలయాలు ఎక్కుతున్నంత బిల్డప్. ఆయన్ని చూస్తేనే నాకు నవ్వొచ్చేది.

అలాంటి కర్రలే ఒక జత మా ఆవిడకు పంపాడు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. నల్లమల లోయలోకి దిగి అక్కడి శివుణ్ణి చూడాలని మూడేళ్లుగా మొక్కు. ఏడాదిలో ఆ దారి తెరిచేది కొద్ది రోజులే.

కర్రలతో పాటు ఫోన్లో పాఠం కూడా వచ్చింది. "బావా, మోచెయ్యి సమంగ వంగేటట్టు పొడవు పెట్టాలె. ఎక్కేటప్పుడు జర కురచ చెయ్యి, దిగేటప్పుడు పెంచు. కట్టె మీదున్న గీత దాటి గుంజొద్దు. తడిస్తే మూడు ముక్కలు విప్పి ఆరబెట్టు. నూనె మాత్రం అస్సలు పెట్టొద్దు."

నాకు ఒళ్లు మండింది. గద్వాలలో ముప్పై ఏళ్లుగా మగ్గం మీద కూర్చున్నవాణ్ణి. మగ్గం పైనుండి అంచు పూలు తీసే జకార్డు పెట్టెకు నూనె చుక్క వేయకుండా ఏనాడూ పని మొదలుపెట్టలేదు. ఫైళ్లు తిరగేసిన మనిషి నాకు పనిముట్ల సంగతి చెప్పడమా? పైగా ఆ కర్రలు తిప్పితే కిర్రుమంటున్నాయి. ముక్కలు విప్పి, లోపల బిగుసుకునే ప్లాస్టిక్ బిరడాలకు జకార్డు నూనె దట్టంగా పట్టించాను. చప్పుడు పోయింది.

"అన్న వద్దన్నడు గద," అంది మా ఆవిడ.

"మీ అన్నకేం తెల్సు?" అన్నాను.

దారి తెరిచిన రోజు లోయలోకి సగం దిగాం. కింద నీళ్లు పడే చప్పుడు వినిపిస్తోంది. ఆమె కుడి కర్ర మీద బరువు మోపి ఒక పెద్ద రాయి దిగబోయింది. గొట్టం గొట్టంలోకి దిగిపోయింది. ఆ బిరడా రాపిడితోనే గొట్టాన్ని పట్టి ఉంచుతుందని, నా నూనె ఆ పట్టునే తీసేసిందని అప్పుడు అర్థమైంది. ఆమె మోకాలు రాయికి కొట్టుకుంది. ముక్కూమొహం తెలియని ఇద్దరు రెక్కలు పట్టి పైకి తెచ్చారు. దేవుడు కిందే ఉండిపోయాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

నాగర్‌కర్నూలు దవాఖానలో కట్టు కడుతుండగా, ఆమె పడిందని తెలిసి వాళ్లన్న ఫోన్ చేశాడు. స్పీకర్లో అంతా వినిపిస్తోంది.

"కట్టె జారిందా చెల్లె? బావ నూనె గిట్ల పెట్టిండా?"

ఆమె ముఖం చూడలేక నర్సు చేతులు చూస్తూ నిలబడ్డాను.

"లేదన్నా. రాయి మీద పాకుడుండె, నా కాలే జారింది. కట్టెలు మంచిగనే ఉన్నయి."

ఇంటికొచ్చాక కాలు చాపుకుని కూర్చుని, కర్రలు ముక్కలుగా విప్పింది. ఒక్కో బిరడాను సబ్బునీళ్లతో కడిగి, పాత నూలు గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టించింది. నేను తుడుస్తానని చెయ్యి చాపితే గుడ్డ ఇవ్వలేదు.

"వచ్చే ఏడు మా అన్నతోని పోత," అంది. "నువ్వు మగ్గం చూస్కో."