వేళ్ళ సందులో పడుగు

నిన్న విజయవాడలో మా ఫ్లాట్‌లో, మా అమ్మాయి రెండు బ్లేడ్ల నడిమి సందులోంచి లేజర్ లైటు గోడ మీద వేసింది. ఎర్రటి చారలు పరుచుకున్నాయి. “సందు ఇరుకయ్యేకొద్దీ వెలుగు విచ్చుకుంటదమ్మా,” అంది.

నాకు మామ్మ మగ్గం గుర్తొచ్చింది. చిన్నప్పుడు దాని పక్కన కూర్చుని, రెండు వేళ్ళు దాదాపు ఆనించి, ఆ సందులోంచి కిటికీ వెలుగు చూసేదాన్ని. సన్నటి నల్లగీతలు కనిపించేవి. అవి మగ్గం మీద నిలువునా సాగే పడుగు దారాలనుకున్నాను.

“మామ్మా, వెలుగును కూడా నేస్తారా?” అని ఒకరోజు అడిగాను.

మామ్మ తనూ వేళ్ళు కంటికి ఆనించుకుంది. “అవునే, మంచి పడుగే. దారాలేమన్నా తెగినయ్యా?”

“ఒక్కటీ తెగలేదు.”

“అయితే ఇప్పుడు నా మగ్గం మీద చూడు.”

తెగినవి చూపించాను. మామ్మ తడుముకుంటూ అతికించింది.

అప్పటికే ఆమెకు శుక్లాలు ముదిరాయని చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ వేళ్ళ సందులో ఆమెకు ఏ గీతా కనిపించి ఉండదు.