బ్రూక్షాబాద్ షెడ్డులో చాక్లెట్ కుకీలు

2006 ఫిబ్రవరిలో నన్ను డిప్యుటేషన్ మీద బ్రూక్షాబాద్ పంపారు. డిప్యుటేషన్ అంటే జీతం ఒక చోట, చాకిరీ ఇంకో చోట. అప్పటికి నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో బేకరీ ఇన్‌స్ట్రక్టర్‌ని. సునామీలో ఇళ్లు పోయిన కుటుంబాలకు ఊరి బయట బ్రూక్షాబాద్ దగ్గర రేకుల షెడ్లు వేశారు. అక్కడి ఆడవాళ్లకు చేతిపని ఏదైనా నేర్పాలని ఒక షెడ్డులో కుట్టు మిషన్లు, ఇంకో షెడ్డులో కరెంటు మీద నడిచే డెక్ ఓవెన్ పెట్టారు. కుట్టు మిషన్లకు ఫ్యాను ఇచ్చారు. ఓవెన్ ఉన్న షెడ్డుకి ఇవ్వలేదు. ఆ లెక్క ఎవరు వేశారో నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు.

మా వృత్తిలో అన్నిటికీ పద్ధతి ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్ పైన గ్రూప్ ఇన్‌స్ట్రక్టర్, ఆయన పైన ప్రిన్సిపాల్. ఏం నేర్పాలో సిలబస్ చెబుతుంది: పావ్, బన్ను, రస్కు, నాన్‌ఖటాయి, సాదా కేకు. ఏ పదార్థానికి ఎంత సరుకు కావాలో ముందుగానే లెక్క కట్టి రాసిచ్చే కాగితాన్ని ఇండెంట్ అంటాం. పిండి, పంచదార పోర్ట్ బ్లెయిర్ బజారులోనే దొరికినా, వెన్న, వంట చాక్లెట్ లాంటివి చెన్నై నుంచి ఓడలో రావాలి. ఓడ ఆలస్యమైతే పాఠం కూడా ఆలస్యమే.

సిలబస్ అలా ఉన్నా నా సంచిలో మాత్రం ఎప్పుడూ వంటల పుస్తకాలు ఉండేవి. నాకున్న వ్యసనం అదొక్కటే. సెలవు మీద విశాఖపట్నం వెళ్లినప్పుడల్లా పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలమ్మే వాళ్ల దగ్గర గొంతుకు కూర్చుని ఏరుకునేవాణ్ణి. కొందరు డిటెక్టివ్ నవల చదివినట్టు నేను కేకుల పుస్తకం చదువుతాను. వెన్న ఎంత, పంచదార ఎంత, గుడ్లు ఎన్ని అని చదువుతుంటే పదార్థం నాలుక మీదికి వచ్చేస్తుంది. వెన్న మరకలున్న పేజీ కనిపిస్తే ఇక ఆనందానికి అంతుండదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఆ పేజీని పక్కన పెట్టుకుని పదే పదే వండుకున్నారన్నమాట. మా ఆవిడ మాత్రం, "పుస్తకంలో అయితే రోజూ పెళ్లి విందే. ఇంట్లో ఉప్మా కలపమంటే చెయ్యి నొప్పి" అని దెప్పేది. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు.

ఆ పుస్తకాలు శిక్షణకు వచ్చే ఆడవాళ్లకూ నచ్చాయి. పని అయిపోయాక పిండి చేతులు తుడుచుకుని బొమ్మలు చూసేవాళ్లు. వాళ్లలో నూకరత్నం అని ఇంకో దీవిలో ఉన్న హట్‌బేలో పుట్టి పెరిగిన అమ్మాయి ఉండేది. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. హిందీ బడిలో చదువుకుంది కాబట్టి తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. నేను ఇంగ్లీషు పుస్తకం చూసి తెలుగులో చెబితే ఆమె హిందీలో రాసుకునేది. సునామీ అల గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు. ఆమెకు కావలసిందల్లా పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పని. భర్త పోలారావు జంగ్లీఘాట్ రేవులో ఎవరి పడవ మీదో చేపల వేటకు వెళ్లేవాడు. హట్‌బేలో ఉన్న అతని అన్న తిరిగి వచ్చెయ్యమంటున్నాడు. నూకరత్నానికేమో కూతుర్ని ఇక్కడి బడి మాన్పించడం ఇష్టం లేదు. ఇక్కడే ఆమెకేదైనా పని దొరికితే ఉండిపోవాలి, లేకపోతే హట్‌బే ఓడ ఎక్కాలి. ఇంట్లో వాళ్ల ఒప్పందం అదీ.

మే నెలలో ఒక అవకాశం వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో క్యాంటీన్ నడిపే పనిక్కర్ గారు మా షెడ్డు చూడటానికి వచ్చారు. ఆయన ఓడల్లో వంటవాడిగా చేసి రిటైరైన మనిషి. నవ్వు తక్కువ, వాచీ చూసుకోవడం ఎక్కువ. మా నాన్‌ఖటాయి ఒకటి కొరికి, బాగుందిగానీ ఇది ప్రతి కొట్టులోనూ దొరుకుతోంది, ఎవరి దగ్గరా లేనిది చేసి చూపిస్తే చేసినవాళ్లకు తన కౌంటర్‌లో చోటిస్తానన్నారు. వచ్చే శనివారం మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయారు.

ఆయన గేటు దాటకముందే నూకరత్నం నా పుస్తకం తెరిచి ఒక బొమ్మ మీద వేలు పెట్టింది. "మాస్టారూ, ఇదేటిది? బిస్కెట్టుకి మచ్చలొచ్చినాయేటి?"

మచ్చలు కావు, చాక్లెట్ ముక్కలని చెప్పాను. బిస్కెట్టుకీ కుకీకీ తేడా కూడా చెప్పాను. బిస్కెట్టు పిండిని చపాతీలా ఒత్తి అచ్చుతో కోస్తాం, అది కరకరలాడాలి. కుకీ పిండిని చెంచాతో ముద్దలుగా జారవిడుస్తాం, అంచు కరకరలాడినా నడుమ మెత్తగా ఉండాలి.

"అయితే ఇదే సేద్దుము. పనిక్కర్ సాబ్ ఇలాటిది సూసుండడు, పక్కా!" అంది.

గ్రూప్ ఇన్‌స్ట్రక్టర్ మండల్ గారిని అనుమతి అడిగాను. సిలబస్‌లో లేదు కదా అని హిందీలో కాసేపు గొణిగి, కేకు రివిజన్ కింద రాసుకోమన్నారు. అయితే ఉన్న సరుకుతోనే చెయ్యాలి, కొత్త ఇండెంట్ పెట్టడానికి వీల్లేదు. వెన్న లెక్క చూస్తే మూడు ట్రేలకు వస్తుంది. వాతావరణం బాగాలేక ఓడ చెన్నైలోనే ఆగిపోయిందన్న సంగతి ఆ సాయంత్రమే తెలిసింది.

చాక్లెట్ చిప్స్ అనే సరుకు ద్వీపాల్లో ఎక్కడా లేదు. వంట చాక్లెట్ పలక ఒకటుంటే దాన్నే ముక్కలు చెయ్యాలనుకున్నాం. కత్తి పెడితే పొడి అవుతోంది. బ్యాచ్‌లో పెద్దావిడ సరోజినీ దీదీ రెండు పలుకులు వక్క నోట్లో వేసుకుని, అడకత్తెర తీసి చాక్లెట్‌ని చకచకా కత్తిరించింది. కంపెనీ చిప్స్ కూడా అంత పొందికగా ఉండవు. అందరం చప్పట్లు కొట్టాం.

మొదటి ట్రే బుధవారం పెట్టాం. వెన్నను గది వేడికి వచ్చేదాకా బల్ల మీద ఉంచమని పుస్తకంలో ఉంది. నూకరత్నం పొల్లు పోకుండా అలాగే ఉంచింది. మే నెల, రేకుల షెడ్డు, పక్కన వేడెక్కుతున్న ఓవెన్. వెన్న నెయ్యిలా జారిపోయింది. ఓవెన్‌లో పెట్టిన ముద్దలన్నీ ఒకదాని మీదికొకటి పాకి, ట్రే తీసేసరికి మూల నుంచి మూలకు ఒకే అట్టు. అది చూసి సరోజినీ దీదీకి నవ్వు ఆగలేదు, దాంతో షెడ్డంతా నవ్వే. అట్టును విరిచి చుట్టుపక్కల షెడ్లలోని పిల్లలకు పంచేశాం. రుచికి మాత్రం వంక పెట్టడానికి లేదు. పిల్లలు రేపు కూడా ఇదే చెయ్యమన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో నా పుస్తకాలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, అంత కష్టంలోనూ నాకు పండగలా ఉంది. గది వేడి అంటే ఎవరి గదో ఏ పుస్తకమూ చెప్పదు. ఒకదాంట్లో మాత్రం వేలితో నొక్కితే సొట్ట పడాలి గానీ వేలికి జిడ్డు అంటకూడదని ఉంది. పుస్తకం రాసిన ఆవిడది మంచు కురిసే ఊరు. ఆవిడ గదిలో ఉండే చల్లదనం మనకు ఐసు పెట్టెలో తప్ప దొరకదు. కలిపిన పిండిని కూడా కాసేపు చల్లబరిస్తే ముద్ద పాకదని ఇంకో పుస్తకం చెప్పింది.

మా షెడ్డులో ఫ్రిజ్ లేదు. ఆ మాట విని నూకరత్నం గురువారం పొద్దున్నే పోలారావు ఐసు పెట్టెను మోయించుకొచ్చింది. బ్లీచింగ్ వేసి తోమానని ఒట్టు వేసి చెప్పింది. పిండిని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఐసులో పెట్టాం. ఈసారి ముద్దలు బుద్ధిగా ఎక్కడివక్కడే నిలబడ్డాయి. బొమ్మలో ఉన్నట్టే గుండ్రంగా, అంచులు బంగారు రంగులో వచ్చాయి. నూకరత్నం ఒకటి తుంచి నోట్లో పెట్టుకుని నా మొహం వైపు చూసింది.

"మాస్టారూ... సూరమై సేప."

నేనూ తిన్నాను. అక్షరాలా సూరమై చేపే. చుట్టూ ఏ వాసన ఉన్నా వెన్న పీల్చేసుకుంటుందని క్లాసులో మొదటి వారమే చెబుతాం. పెట్టెలోని చేపల వాసనను పలచటి కవరు ఆపలేదు. ఆ ట్రేని మాత్రం పిల్లలు కూడా ముట్టలేదు. సరోజినీ దీదీ ఒక్కతే, అన్నంలోకి బాగుంటుందని నాలుగు మూట కట్టుకుంది.

నూకరత్నం ఈసారి నవ్వలేదు. పోలారావు సోమవారం ఓడకు టికెట్లు తీసేశాడని అప్పుడు చెప్పింది. "ఒక్క ట్రే సరుకే మిగిలింది గదా మాస్టారూ. ఇది పోతే బస్, అయిపోనట్టే."

శుక్రవారమంతా పిండి ముట్టుకోలేదు, ఆలోచన మాత్రమే చేశాం. చల్లగా ఉండాలి, వాసన తగలకూడదు, నీరు దిగకూడదు. గట్టి మూతల స్టీలు గిన్నెలుండాలని నేనన్నాను. నూకరత్నం తను అన్నం తెచ్చుకున్న క్యారేజీని బల్ల మీద పెట్టి, "ఇలాటివా?" అంది. సునామీ తర్వాత పంచిన సహాయ సామాన్లలో అక్కడ ప్రతి ఇంటికీ అలాంటిది ఒకటి ఇచ్చారు. మధ్యాహ్నానికి క్యారేజీలు వరసలో నిలబడ్డాయి. ఐసు వెయ్యడానికి టీ కొట్టు నుంచి పాల క్యాను అరువు తెచ్చి, ఐసు ఫ్యాక్టరీలో కొత్త ఐసు కొట్టించాం.

శనివారం వెన్నను నూకరత్నం వేలితో నొక్కి చూసింది. సొట్ట పడింది, జిడ్డు అంటలేదు. వెన్న, పంచదార తెల్లబడేదాకా గిలకొట్టింది. పిండిని క్యారేజీ గిన్నెల్లో సర్ది, మూతలు బిగించి, ఐసులో దించింది. పనిక్కర్ గారు చెప్పిన వేళకే వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. పోలారావు కూడా వేట నుంచి నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ట్రే ఓవెన్‌లోకి వెళ్లింది. ఇంకాసేపట్లో తియ్యాలనగా కరెంటు పోయింది.

డెక్ ఓవెన్ లోపలి పలక వేడిని పట్టి ఉంచుతుంది. కానీ తలుపు తెరిస్తే ఆ వేడి వెళ్లిపోతుంది. లోపలి దీపం ఆరిపోయింది కాబట్టి రంగు కనబడదు. ఇక ముక్కే ఆధారం. ఆడవాళ్లంతా నా వైపు తిరిగారు. నేను నూకరత్నంతో, "ట్రే నీది, ఎప్పుడు తియ్యాలో నువ్వే చెప్పాలి" అన్నాను. ఆమె తలుపు దగ్గర ముక్కు పెట్టి కళ్లు మూసుకుంది. పంచదార మాడబోయే ముందు ఒక తియ్యటి వాసన వస్తుంది. అది నాకు తగిలిన క్షణంలోనే, "తీసీమంటారా... కాదు, తీసీత్తన్నాను" అని తలుపు లాగింది.

కుకీలు గుండ్రంగా, అంచు ఎర్రగా ఉన్నాయి. నడుమ నొక్కితే మెత్తగా దిగబడుతున్నాయి. పచ్చిగా ఉన్నాయని ఎవరో అన్నారు. ట్రే వేడికి నడుమ ఇంకా ఉడుకుతుంది, ఆగండని నేను గట్టిగా కసిరాను. ఆ కాసేపూ పనిక్కర్ గారు వాచీ చూసుకుంటూనే ఉన్నారు.

తర్వాత ఒకటి తీసి విరిచారు. చాక్లెట్ తీగలా సాగింది. తిన్నారు. ఇంకోటి తిన్నారు. మూడోది రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుంటూ, మనవరాలికని చెప్పి మొదటిసారి నవ్వారు. సోమవారం నుంచి పొద్దున్నే కౌంటర్ దగ్గరికి రమ్మన్నారు.

"సోమారం మాకు ఓడుంది సాబ్," అంది నూకరత్నం, మొగుడి వైపు తిరిగి.

పోలారావు నోట్లో అప్పటికే కుకీ ఉంది. దాన్ని పూర్తిగా మింగి, "టికెట్లు వాపసు సేసీత్తాను. ఇంకోటి ఇలాగియ్యి" అన్నాడు.

షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత గోల చేశారు ఆడవాళ్లు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నేను అంత సంతోషించిన రోజు మరొకటి లేదు.

ఇందులో నేను నేర్చుకున్నది పనికి సంబంధించిన విషయమే. ఇండెంట్ రాసేటప్పుడు మేం ప్రతి ట్రే సరిగ్గా వస్తుందనుకునే లెక్క కట్టేవాళ్లం. నేర్చుకునే చేతుల్లో మొదటి ట్రే పాడవుతుంది, రెండోదీ పాడవచ్చు. ఆ శనివారం మూడో ట్రేకి సరుకు మిగలకపోయి ఉంటే నూకరత్నం హట్‌బే ఓడలో ఉండేది. చేతగాక కాదు, వెన్న లేక. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను పెట్టిన ప్రతి ఇండెంట్‌లోనూ పాడయ్యే ట్రేలకు కూడా సరుకు కలిపి రాశాను. ఇంత వెన్న ఎందుకని పైవాళ్లు అడిగినప్పుడల్లా 'శిక్షణ నిమిత్తం' అని జవాబిచ్చాను.