నొక్కకుండా కదిలిన తెర

ఆ వీధిలో అందరూ ఆవిణ్ణి ఎక్స్‌ఛేంజి అక్క అనేవారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసిన రోజుల్లో చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ఎదురుగా ఉన్న బోర్డులో తీగలు గుచ్చుతూ, ఊళ్లో సగం ఫోన్లు ఆవిడే కలిపేది. డాక్టరు నంబరు, ఫైర్ స్టేషను నంబరు సరే, బట్టల కొట్టాయన తోడల్లుడి నంబరు కూడా ఆవిడకు నోటికి వచ్చు. తర్వాత బోర్డులు పోయి మిషన్లు వచ్చాయి. ఆవిడ రిటైరైంది. ఆ నంబర్లలో ఒక్కటీ ఇప్పుడు పనిచేయదు. అయినా ఎవరైనా సరదాకు అడిగితే తడుముకోకుండా అప్పజెప్పేది. పెళ్లి మాట ఎత్తితే మాత్రం, "నన్ను ఆ బోర్డుకిచ్చి చేశార్లే" అని నవ్వేసేది.

ఆ జ్ఞాపకశక్తి మీద ఆవిడకు ఎంత గర్వమో, అది పోతుందేమోనని అంత భయం. భయానికి కారణం పెద్దక్క. ముగ్గురు తోబుట్టువుల్లో పెద్దది, అందరికన్నా చురుకైంది. ఆమె ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. అక్కడ మొదలై, సొంత తమ్ముణ్ణి పట్టుకుని "మీరెవరి తాలూకు బాబూ" అని అడిగేదాకా వచ్చింది. ఆఖరు రోజుల్లో కర్టెన్ల మడతల్లో ఎవరో నిలబడి ఉన్నారని వాళ్లకు కుర్చీలు వేయమనేది. ఎక్స్‌ఛేంజి అక్కే ఆమెకు స్నానం చేయించింది, అన్నం తినిపించింది, చివరికి ఆమె కనురెప్పలు మూసిందీ తనే. ఆ తర్వాత ఇంట్లో ఆ జబ్బు పేరు తనూ ఎత్తలేదు, తమ్ముడూ ఎత్తలేదు.

తమ్ముడు ప్రెస్సులో కాగితం కోసే మిషను దగ్గర పనిచేస్తాడు. భార్య పోయాక అక్కతోనే ఉంటున్నాడు. ఇంటికొచ్చినా ఏదో ఒకటి విప్పి బిగించకపోతే తోచని మనిషి. ప్రెస్సులో అవతల పారేసిన కంప్యూటరొకటి తెచ్చి, బాగుచేసి, టీవీ కింద పెట్టి దానికి కలిపాడు. పాటలు, సినిమాలు, ఇంట్లో తీసుకున్న వీడియోలు అన్నీ అందులో ఎక్కించాడు. అక్క కీబోర్డు ముందు కూర్చోదని తెలిసి, అరచేతిలో పట్టే రిమోట్ ఒకటి కొన్నాడు. దానితోపాటు వచ్చిన గోరంత రిసీవర్ని కంప్యూటరు వెనక గుచ్చాడు.

"టీవీ వైపు చూపించక్కర్లేదక్కా. దుప్పట్లోంచి నొక్కినా పలుకుతుంది. బాణం గుర్తులతో నీలం గడి జరుగుతుంది, కావాల్సిన బొమ్మ మీద ఆపి మధ్యలోది నొక్కు. అంతే."

"ఊరందర్నీ కలిపినదాన్ని, ఇదో లెక్కా," అంది ఆవిడ. రెండు పూటల్లో నేర్చేసుకుంది. మధ్యాహ్నం భోంచేసి, గిన్నెలు సర్దేసి, కుర్చీ లాక్కుని పాత పాటలు పెట్టుకోవడం ఆవిడకు అలవాటైపోయింది.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం పాట పెట్టి, కిటికీ మూయడానికి లేచింది. తిరిగొచ్చేసరికి పాట ఆగి ఉంది. రిమోట్ కుర్చీ చేతి మీదే ఉంది. లేచేటప్పుడు తనే నొక్కి ఉంటుందిలే అనుకుంది. మర్నాడు సినిమా చూస్తుండగా కునుకు పట్టింది. కళ్లు తెరిస్తే తెర మీద వేరే సినిమా నడుస్తోంది, అదీ సగంలో. నిద్రలో నొక్కానా? ఎప్పుడు వెతికాను, ఎప్పుడు పెట్టాను? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. ఆ సాయంత్రం తమ్ముడు "ఏం చూశావక్కా?" అంటే, "ఏదోలేరా" అని మాట తప్పించింది. తమ్ముడితో ఆవిడ మాట దాచడం అదే మొదలు.

అప్పట్నుంచి ఒంటరిగా ఉన్నప్పుడల్లా ఆవిడ తనను తాను కనిపెట్టుకుని ఉండేది. కూర తరుగుతూ పాత నంబర్లు వల్లె వేసుకునేది. మధ్యలో ఒక్క అంకె తట్టకపోతే కత్తిపీట వదిలేసి కూర్చునేది. ఒకరోజు వంటింట్లో ఉండగా ముందుగదిలోంచి పెద్దక్క గొంతు వినిపించింది. "తలుపు దగ్గరికి ఎవరో వచ్చారు చూడవే," అంటోంది. ఆవిడ చేతిలో గరిటె జారి కిందపడింది. గోడ పట్టుకుని ముందుగదిలోకి తొంగిచూస్తే, టీవీలో పెద్దక్క, కిటికీ పక్క కూర్చుని బత్తాయి వలుస్తూ కనిపించింది. తమ్ముడెప్పుడో తీసిన వీడియో. పెద్దక్క పోయాక ఆవిడ దాని జోలికే వెళ్లలేదు. దాన్ని తనే తీసి పెట్టుకుందా? పెట్టుకుని, ఆ సంగతి మరిచిపోయి, వంటింట్లోకి వెళ్లిందా? ప్లగ్గు పీకేసి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

అంతటితో పోలేదు. పాలు పెడదామని స్టవ్ వెలిగిస్తే వెలగలేదు. కిందికి వంగి చూస్తే గ్యాసు కట్టేసి ఉంది. తను కట్టిన గుర్తు లేదు. ఇంకోరోజు వీధి తలుపు తాళంచెవి కొక్కేనికి లేదు, తమ్ముడు చొక్కా తగిలించే చోట దొరికింది. తను అక్కడ పెట్టిన గుర్తూ లేదు. పొయ్యి, తాళం, మనుషులు. పెద్దక్కకూ ఇదే వరస. తమ్ముడు తనకేసి ఒకలా చూస్తున్నాడనీ, తను చూడగానే చూపు తిప్పుకుంటున్నాడనీ అనిపించింది. అడగడానికి నోరు రాలేదు. అడిగితే జవాబు వస్తుందిగా.

చివరికి, తాడో పేడో తేల్చుకుందామనుకుంది. తమ్ముడు పనికి వెళ్లాక, మధ్యాహ్నం కంప్యూటరు పెట్టి, రిమోట్ వెనక మూత తీసి, బ్యాటరీలు బయటికి లాగింది. వాటిని రుమాల్లో మూటకట్టి గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ఖాళీ రిమోట్ బీరువాలో పెట్టి తాళం వేసింది. టీవీ ఎదురుగా, రెప్ప వేయకుండా కూర్చుంది. ఏదీ కదలకపోతే ఇన్నాళ్లూ నొక్కింది తనేనని తేలిపోతుంది. తేలితే తేలనీ, ఇలా నలిగిపోవడం కన్నా నయం.

చాలాసేపు ఏమీ కాలేదు. నీలం గడి 'పాటలు' మీదే నిలబడి ఉంది. అంతలో గడి కదిలింది. పక్క బొమ్మ మీదికి వెళ్లింది. అక్కణ్ణుంచి కిందికి.

ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని తెరిచింది. గడి ఇంకా జరుగుతూనే ఉంది. గుప్పిట్లో బ్యాటరీలు చెమటకు తడిశాయి. అప్పుడు ఆవిడకొక ఆలోచన తట్టింది. ఇది మతిమరుపు కాదు, దాని తర్వాతది. పెద్దక్కకు కర్టెన్లో మనుషులు కనిపించినట్టు తనకు తెర మీద గడి కనిపిస్తోంది. లేనిది కనిపిస్తోంది.

బయట నడవాలో బకెట్టు ఈడుస్తున్న చప్పుడైంది. మెట్లు తుడిచే ఆవిడ వచ్చినట్టుంది. ఎక్స్‌ఛేంజి అక్క లేచి తలుపు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. పిలిచి చూపిస్తే, "ఏం కదలట్లేదు కదమ్మా" అందనుకో? ఇంక దాచుకోవడానికేం మిగలదు. నలుగురికీ తెలుస్తుంది, తమ్ముడికి తెలుస్తుంది. నుదురు తలుపుకు ఆనించి అలాగే నిలబడింది. బకెట్టు చప్పుడు దూరమవుతోంది. అది వినబడనంత దూరం పోతే మళ్లీ తనకు ధైర్యం రాదని తెలిసి, గభాలున గడియ తీసింది.

"ఇదుగో, ఒక్కసారి లోపలికి రా."

"కాళ్లు తడిగా ఉన్నాయమ్మా."

"పర్లేదు రా. వచ్చి, ఆ టీవీలో నీకేం కనబడుతోందో చెప్పు. నేను చెప్పను, నువ్వే చెప్పు."

ఆమె చీపురు పక్కన పెట్టి, వింతగా చూస్తూ లోపలికొచ్చింది. "బొమ్మలున్నాయి. ఒకదాని చుట్టూ నీలంగా గీత ఉంది."

"ఊఁ. ఇంకా?"

"అదిగో, పక్కకు పోయింది. ఇప్పుడు కిందికి దిగింది. ఏంటమ్మా, పాడైందా?"

ఎక్స్‌ఛేంజి అక్క ఆమె తడిచెయ్యి పట్టుకుని కుర్చీలో కూలబడింది. ఏడుపు వచ్చింది. రెండో మనిషికీ కనిపిస్తోంది. గడి నిజం.

"అయ్యో, దీనికే ఏడుస్తారా," అంది మెట్లు తుడిచే ఆవిడ. "పక్కింట్లో కొత్తగా దిగిన నర్సమ్మ కూడా మొన్న నన్నిలాగే పిలిచింది. ఆవిడ టీవీ దానంతటదే ఆగిపోతోందట. ఇంట్లోకి ఎవరైనా వచ్చారా, నువ్వు చూశావా అని ఒకటే అడగడం."

నర్సుకు రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి నిద్రపోయి, మధ్యాహ్నం లేస్తుంది. ఆమె ఇంట్లో టీవీ ఉన్న గోడకు ఇవతలే వీళ్ల ముందుగది. ఎక్స్‌ఛేంజి అక్క వెళ్లి తలుపు తడితే, లోపల గొలుసు వేసే ఉంచి, సందులోంచి ఒక కన్నూ సగం మొహం కనిపించాయి.

"ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదమ్మా. పక్కింటిదాన్ని. నీ చేతిలో ఉన్నది ఏ రిమోటో చూద్దామని వచ్చాను."

సందులోంచి రిమోట్ కనబడింది. అదే నలుపు, అదే గుండ్రటి మీట. గొలుసు తీయించడానికి కాస్త టైం పట్టింది. తర్వాత రెండిళ్ల తలుపులూ బార్లా తెరిచిపెట్టి, నర్సు తన ఇంట్లో నిలబడి సౌండు పెంచితే ఇవతల టీవీలో సౌండు పెరిగింది. ఎక్స్‌ఛేంజి అక్క రిమోట్‌లో మళ్లీ బ్యాటరీలు వేసి ఆపు మీట నొక్కితే అవతల నర్సు సినిమా ఆగిపోయింది. నర్సు ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయింది.

"మీరా ఆంటీ," అంది. "నేనింకా మా ఆయనేమో అనుకున్నాను. ఆయన్ని వదిలేసి వచ్చి మూణ్ణెల్లయింది. ఎక్కడో కూర్చుని, టీవీకి కలిపిన నా కంప్యూటర్లోకి దూరాడనుకున్నా. పాస్‌వర్డులన్నీ మార్చేశాను. కెమెరాకు ప్లాస్టరు అంటించాను. ఇల్లు మళ్లీ మారదామని చూస్తున్నా."

ఎక్స్‌ఛేంజి అక్క ఆమె పక్కనే చతికిలబడింది. ఇన్నాళ్లూ తను తననే అనుమానించుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె తల నిమిరి, "ఇల్లు మారక్కర్లేదులే," అంది.

సాయంత్రం తమ్ముడు రాగానే సంగతంతా చెప్పింది. అవి ఒకే కంపెనీ చవక రిమోట్లనీ, రెంటికీ ఒకటే కోడ్ పెట్టి అమ్మేసి ఉంటారనీ అతను పైకి మామూలుగానే చెప్పాడు. కానీ మంచినీళ్ల గ్లాసు తీసుకుని తాగకుండా పట్టుకు కూర్చున్నాడు.

"అక్కా. ఆ గ్యాసు కట్టేసింది నేను."

ఆవిడ వంటింటి వైపు చూసింది.

"తాళంచెవి తీసింది కూడా. ఓరోజు నేను వచ్చేసరికి టీవీ చెవులు పగిలేట్టు మోగుతోంది, నువ్వేమో పక్కగదిలో నిద్రపోతున్నావు. ఇంకోరోజు కంప్యూటరు పెట్టి చూస్తే పెద్దక్క వీడియో సగంలో ఆగి ఉంది. నువ్వేమీ చెప్పలేదు. నాకు భయమేసింది. నువ్వూ అలాగే..." మాట పూర్తిచేయలేకపోయాడు.

"నీకు భయమేస్తే నన్ను అడగాలిరా. నా వెనకాల మీటలు తిప్పుతావా? నువ్వు తిప్పిన ప్రతి మీటకీ నేనెలా చచ్చానో తెలుసా నీకు?"

"నువ్వూ నాకు చెప్పలేదుగా," అన్నాడు తమ్ముడు, చిన్నపిల్లాడిలా.

ఆవిడ లేచి కంచాలు పెట్టింది. ఇద్దరూ అన్నం తిన్నారు. మర్నాడు అతను వేరే రకం రిమోట్ తెచ్చి బిగించాడు. నర్సు ఇంటికీ వెళ్లి, కెమెరా మీది ప్లాస్టరు పీకనా అంటే, ఉండనీయమందట.

రిమోట్ గొడవ తీరింది గానీ, ఆవిడకు నిద్ర సరిగ్గా పట్టలేదు. గడి నిజమే, గ్యాసు సంగతీ తేలింది, కానీ కూర తరుగుతుంటే తట్టని అంకెల మాటేమిటి? ఆ అంకెలను మాత్రం ఎవరూ గోడ అవతల్నుంచి నొక్కలేదు. వారం తిరక్కుండానే ఒక పొద్దున ఆవిడే చెప్పులు వేసుకుని, "పద, డాక్టరుకు చూపించుకుందాం," అంది. పెద్దక్కను చూసిన డాక్టరమ్మే. ఆమె గడియారం బొమ్మ గీయించింది, వరసగా మాటలు చెప్పి తిరిగి అడిగింది. తమ్ముడు పక్కన కూర్చుని తనే పరీక్ష రాస్తున్నట్టు చెమటలు కక్కాడు. వయసుకు తగ్గట్టే ఉందనీ, ఏడాది పోయాక మళ్లీ చూద్దామనీ డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు లేదంది గానీ, ఇక రాదని అనలేదు. ఆ తేడా ఇద్దరికీ వినబడింది.

బస్సు కోసం నిలబడి ఉండగా ఆవిడ అంది, "ఒకవేళ అది వస్తే, ముందు నీకే తెలుస్తుంది. నాకు తెలియదు. అవునా?"

"అవునక్కా."

"తెలిసిన రోజున నాకు మొహం మీదే చెప్పు. నేను ఒప్పుకోను, నిన్ను తిడతాను కూడా. అయినా చెప్పు."

తమ్ముడు రోడ్డుకేసి చూస్తూ తలూపాడు. బస్సు వచ్చింది. సీట్లు దొరకలేదు. ఇద్దరూ ఒకే కమ్మీ పట్టుకుని ఇల్లు చేరేదాకా నిలబడ్డారు.